నోరొకటి, మాటొకటి

గత నెల ఒక ఆదివారం సాయంత్రం మా ఊరికి వెళ్లాను. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉండే చిన్న ఊరు మాది. అమ్మ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ టీవీ చూస్తున్నది. సీరియల్ మధ్యలో బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. బురదలో ఆడి వచ్చిన పిల్లవాడు, వాడిని చూసి ముందు కోపగించుకొని తర్వాత నవ్వే తల్లి, చివరికి తీగ మీద ఆరేసిన తెల్లటి చొక్కా. అమ్మ చేతిలోని కాయను పక్కన పెట్టి, తెర వైపు తేరిపార చూసి, "నోరు ఒకటంటున్నది, మాట ఇంకోటంటున్నది. గీమె ఎవలతోని మాట్లాడుతున్నది బిడ్డా?" అని అడిగింది.

నేను ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేకపోయాను. దాదాపు ముప్పై ఏండ్లుగా నా బతుకు తెలుగు అక్షరాల మీదనే నడుస్తున్నది. నల్లగొండ ప్రకాశం బజారులో మొదట డీటీపీ పని చేశాను, పెండ్లి పత్రికలు, కరపత్రాలు కూర్చాను, తర్వాత ఫ్లెక్సీల మిషన్ పెట్టుకున్నాను, ఇప్పుడు దుకాణాల వాళ్లు ఫోన్లలో పంపుకొనే చిన్న చిన్న వీడియోలు కూడా చేసి ఇస్తున్నాను. స్థానిక కేబుల్ చానల్‌లో తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్ మాటలు ఏండ్ల తరబడి నేనే రాశాను. కాబట్టి అమ్మ అడిగిన ప్రశ్న సబ్బు కంపెనీకి ఎంత తగులుతుందో నాకూ అంతే తగులుతుంది. ప్రకటన ఎవరితో మాట్లాడుతున్నది? ఎవరి తెలుగులో మాట్లాడుతున్నది?

దేశమంతా చూపించే ప్రకటనలు చాలావరకు ముంబైలో, హిందీలో తయారవుతాయి. దృశ్యం ఒకసారి తీస్తారు, గొంతులు మాత్రం భాషకొకటి చొప్పున అతికిస్తారు. అనువాదం చేసేవారికి ఉన్న ఇబ్బంది నాకు బాగా తెలుసు. హిందీ నటి పెదవులు ఎంతసేపు కదిలితే తెలుగు మాట అంతసేపట్లోనే ముగియాలి. తెలుగులో విభక్తులు, క్రియా ప్రత్యయాలు అన్నీ మాటకే అతుక్కొని అది పొడవవుతుంది కాబట్టి, ఇరవై సెకన్లలో ఇమడడానికి ఏదో ఒకటి తెగ్గోయాలి. మొదట తెగిపోయేది నుడికారం. మిగిలేది నిఘంటువులో ఉండే మాట. అందుకే ప్రకటనల్లోని తల్లులు తమ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఏ జిల్లా వాళ్లో పోల్చుకోలేని తెలుగు మాట్లాడుతారు. అది కోస్తా తెలుగు అని మా వైపు వాళ్లు అనుకుంటారు గానీ, గుంటూరులో ఉన్న నా మిత్రుణ్ని అడిగితే తమ ఇండ్లలోనూ ఎవరూ అలా మాట్లాడరని చెప్పాడు. అది డబ్బింగ్ గదిలో పుట్టి డబ్బింగ్ గదిలోనే బతికే తెలుగు.

ఇందులో మా ప్రాంతానికి మాత్రమే తగిలే నష్టం ఒకటి ఉన్నది. దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. నా చిన్నతనంలో, అంటే 1980 దశకం చివర్లో, మా ఊరిలో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది, జాతీయ కార్యక్రమాల మధ్య వచ్చే ప్రకటనలు హిందీలోనే వచ్చేవి. నిర్మా బట్టల పొడి పాటను అర్థం తెలియకుండానే పాడుకుంటూ తిరిగేవాళ్లం. అయితే పెద్దవాళ్లు ఆ హిందీని చాలావరకు అర్థం చేసుకొనేవారు. కారణం చదువు కాదు. నిజాం కాలం నుంచి ఉర్దూ మాటలు మా తెలుగులో కలిసిపోయి ఉన్నాయి. జర ఆగు, జల్ది రా, పరేషాన్ అయినం, బండి ఖరాబైంది, పని షురూ చేద్దాం, లెక్క బరాబర్ ఉన్నది అని మేం మాట్లాడుకొనేది తెలుగే. హిందీ ప్రకటనలో ఆమె 'పరేషాన్' అన్నప్పుడు మా నాయనమ్మకు ఆ బాధ వెంటనే తెలిసేది. 1995లో తెలుగు ఉపగ్రహ చానళ్లు మొదలై, అదే ప్రకటన తెలుగులోకి వచ్చాక, ఆ మాట 'చింత' అయింది. మొండిగా వదలని మరకకు హిందీలో 'జిద్దీ' అంటే, మా ఊరిలో జిద్దు పట్టిన పిల్లవాడు లేని ఇల్లు లేదు కాబట్టి ఆ మరక మాకు కండ్ల ముందు కనబడేది. తెలుగు చేసినవారు మా నోట్లో ఉన్న మాటనే పరాయిదని తీసేసి, మాకు తెలుగు నేర్పుతున్నట్టుగా మరో మాట పెట్టారు. మా భాషలోకి వచ్చిన ప్రకటన మాకు మునుపటికంటే దూరమైంది. ఈ సంగతి ఎవరైనా రాశారేమోనని చూశాను, నాకు కనిపించలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాటలు లేని ప్రకటనలకు ఈ బాధ లేదు. 2009లో ఐపీఎల్ ఆటల మధ్య వొడాఫోన్ వాళ్లు చూపించిన జూజూలను గుర్తు తెచ్చుకోండి. గుండ్రటి తెల్లటి తలలు, సన్నటి కాళ్లు, ఏ భాషకూ చెందని కూతలు. అవి కంప్యూటర్ బొమ్మలని అందరం అనుకున్నాం, కానీ తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులతో దక్షిణాఫ్రికాలో చిత్రీకరించారు. మా ఇంట్లో మూడు తరాల వాళ్లూ ఒకేచోట కూర్చొని వాటిని చూసి నవ్వారు. చెడ్డ అనువాదం చేయడంకంటే మాట్లాడకుండా ఉండడం ప్రేక్షకుడికి ఎక్కువ మర్యాద ఇస్తుందని నేను అప్పుడే అనుకున్నాను.

ఇక తెలుగులోనే పుట్టిన ప్రకటన ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. "డబ్బులు ఎవరికీ ఊరికే రావు." లలితా జ్యువెలరీ యజమాని కిరణ్ కుమార్ గుండు తలతో తానే కెమెరా ముందు నిలబడి చెప్పిన మాట ఇది. ఆ ప్రకటనల్లో తళుకుబెళుకులు తక్కువ. నగ నచ్చితే దాని ధర రాసిన చీటీని ఫోటో తీసుకోండి, నాలుగు దుకాణాల్లో పోల్చి చూసుకోండి, ఆ తర్వాతే కొనండి అని ఆయన చెబుతాడు. నగ కొనేవాడి మనసులో తరుగు గురించి, మజూరీ గురించి ఉండే అనుమానాన్ని దాచిపెట్టకుండా, దాన్నే మాటగా మార్చాడు. ఆ వాక్యంలోని 'ఊరికే' అన్న మాటను ఏ భాషలోకి మార్చినా దాని రుచి పోతుంది. ఆ మాట వెంటనే నెట్టింట్లో మీమ్ అయింది. పరీక్షల మీద, జీతాల మీద, పెండ్లి ఖర్చుల మీద, కరెంటు బిల్లుల మీద ఆయన బొమ్మ పెట్టి ఆ మాటను వాడారు. కోట్లు పోసినా కొనలేని ప్రచారం అది. మా గడియారం సెంటర్‌లో చాయ్ తాగే పిల్లలు దాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లి, "పైసలు ఎవ్వలకు ఉత్తగ రావు" అని మార్చుకున్నారు. మేం డబ్బులు అనం, పైసలు అంటాం. ఊరికే అనే చోట ఉత్తగ అంటాం. అసలు వాక్యం నిజమైన తెలుగు కాబట్టే, మరో యాసలోకి తేలికగా ఒదిగింది. డబ్బింగ్ వాక్యాన్ని ఇలా ఎవరైనా తమ యాసలోకి మార్చుకోగా నేను ఎన్నడూ వినలేదు.

నా సొంత పనిలో నేను ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాను. పదేండ్ల కిందట మిర్యాలగూడ వైపు దాణా దుకాణం పెట్టుకున్న ఒకాయన బోర్డు చేయించుకోవడానికి వచ్చాడు. మ్యాటర్ నేనే రాశాను. 'నాణ్యమైన పశుదాణా లభించును' అని పెద్ద అక్షరాలు, కింద ఆవు బొమ్మ, పక్కన ఫోన్ నంబరు. రంగులు కుదిరాయి, అక్షరాల మధ్య ఎడం కుదిరింది, ప్రూఫ్‌లో తప్పు లేదు, నాకు తృప్తిగా ఉండింది. నెల తర్వాత ఆయన మళ్లీ వచ్చి, "అన్నా, నువ్వు రాసింది మంచిగనే ఉంది గని, వచ్చేటోళ్లు బోర్డు కిందనే నిలబడి బర్ల దాణా ఉన్నదా అని అడుగుతున్రే" అన్నాడు. మా వైపు రైతు ఇంటి ముందర కట్టేసి ఉండేది బర్రె. ఆయన అమ్మేది తౌడు, పల్లి చెక్క, పత్తి గింజల చెక్క. ఆ మాటల్లో ఒక్కటి కూడా నేను బోర్డు మీద రాయలేదు. రెండోసారి 'బర్ల దాణా, తౌడు, పల్లి చెక్క' అని మాత్రమే రాసి, ఆవు బొమ్మ తీసేసి బర్రె బొమ్మ పెట్టాను. డబ్బులు తీసుకోలేదు. ఆ బోర్డు ఎండకు వెలిసిపోయి ఇప్పటికీ అక్కడే ఉన్నది.

అప్పటినుంచి ఎవరు వచ్చినా ముందు ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. మీ దుకాణానికి వచ్చిన మనిషి మొదట ఏమని అడుగుతాడు? ఆయన చెప్పిన మాటనే రాస్తాను. చదువుకున్న కొందరు ఒప్పుకోరు. 'లభించును', 'ఇచ్చట', 'విచ్చేయుచున్నారు' అని రాస్తేనే బోర్డుకు గౌరవం ఉంటుందని వాళ్ల నమ్మకం. వాళ్లతో నేను వాదిస్తాను, ఒక్కోసారి ఓడిపోయి వాళ్లు చెప్పినట్టే రాస్తాను.

టీవీ ప్రకటనల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం మరొకటి ఉన్నది. పెద్ద మాటలన్నీ తెలుగులో ఉంటాయి, షరతులు మాత్రం తెర అడుగున చీమల బారుల్లాంటి ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. వడ్డీ లేదని తెలుగులో గొంతెత్తి చెబుతారు, ఏ కార్డు ఉంటే వడ్డీ లేదో, ఎన్ని నెలల వరకు లేదో ఇంగ్లిషులో, రెండు సెకన్లు మాత్రమే చూపిస్తారు. ఇది కేవలం మర్యాద తప్పడం కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో ఏ భాషలో హామీ ఇచ్చారో దాని షరతునూ అదే భాషలో, అదే ఫాంటులో చూపించాలి. ఈ నియమం చదివిన రోజు అక్షరాలతో పనిచేసే మనిషిగా నాకు చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే ఫాంటు అన్న మాట చట్టం దాకా వెళ్లిందని నాకు అప్పటిదాకా తెలియదు. మోసపోయామని అనుకొనేవారు 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. కేబుల్ టీవీ నియమాలు కూడా గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు ఉండరాదని, ప్రకటన చప్పుడు అతిగా ఉండరాదని చెబుతున్నాయి. మా అమ్మ మాత్రం ప్రకటన రాగానే రిమోట్ కోసం తడుముకుంటూ చప్పుడు తగ్గిస్తూనే ఉన్నది.

ఇక మీమ్‌ల సంగతికి వస్తాను. ప్రకటనలు పట్టించుకోని మా తెలుగును నెట్టింటి హాస్యం నెత్తికెత్తుకొన్నది. ఒకప్పుడు సినిమాల్లో తెలంగాణ యాస రౌడీకో పనిమనిషికో మాత్రమే దక్కేది, నాయకుడు ఆ యాసలో మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు మీమ్‌లో కథ చెప్పే గొంతు మా యాసలోనే ఉంటున్నది. దీనికి దారి వేసినవాళ్లు ఉన్నారు. వీ6 చానల్ తీన్మార్ వార్తల్లో బిత్తిరి సత్తి మాట్లాడిన తీరు, జగిత్యాల వైపు లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వాళ్లు తీసిన వీడియోలు, అందులో గంగవ్వ నోటి మాట, ఇవన్నీ యాసలో మాట్లాడితే జనం చెవి ఒగ్గి వింటారని నిరూపించాయి. గంగవ్వ మాట మాకు ఇష్టమే గానీ అది ఉత్తర తెలంగాణ మాట. అక్కడివాళ్లు 'అస్తుండు' అంటే మేం 'వస్తుండు' అంటాం. ఇక మక్తల్, నారాయణపేట వైపు పోతే కన్నడం కూడా వచ్చి కలుస్తుంది. జడ్చర్లలో ఉన్న మా చెల్లెలి కొడుకు పాలమూరు మాటలతో మీమ్‌లు చేసి నాకు పంపుతుంటాడు. వాటిని చూసినప్పుడు నేను మొదట చూసేది అక్షర క్రమం. యాసను రాయడానికి స్థిరపడిన పద్ధతి మాకు లేదు. డీటీపీ కాలంలో ఎవరైనా 'పోతున్నం' అని రాసి తెస్తే 'పోతున్నాము' అని దిద్దడం మా వృత్తి ధర్మం అనుకొనేవాళ్లం. ఈ పిల్లలు దిద్దకుండా రాస్తున్నారు. ఏ పండితుడూ కూర్చొని నిర్ణయించకుండానే, మీమ్‌లు రాసేవాళ్ల చేతుల్లో మా యాసకు ఒక రాత పద్ధతి మెల్లమెల్లగా కుదురుకుంటున్నది. దీన్ని నేను చాలా విలువైన పనిగా చూస్తాను.

అయితే నాకు నచ్చని మీమ్‌లు కూడా ఉన్నాయి, వాటి గురించి చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. బ్రహ్మానందం ముఖం మీద మాట పెడితే అందులో ఎవరికీ నొప్పి లేదు, ఆయన నటుడు, ఆ ముఖం ఆయన నవ్వించడానికి పెట్టిన ముఖమే. కానీ ఏదో చానల్ మైకు పట్టుకొని ఊరిలోకి వెళ్లినప్పుడు, ఒక కూలి తల్లి తన బాధలో తడబడుతూ అన్న నాలుగు మాటలను కత్తిరించి, కింద పాట తగిలించి, లక్షల ఫోన్లలో తిప్పడం హాస్యం అని నేను ఒప్పుకోను. ప్రకటనలో కనిపించే మనిషికి కాగితం మీద సంతకం ఉంటుంది, డబ్బులు ముడతాయి. ఈ తల్లిని ఎవరూ అడగలేదు. పాలమూరు నుంచి ఇప్పటికీ ఎందరో ముంబైకి, పుణెకు పనికి పోతున్నారు. ఇంటినుంచి అంత దూరాన ఉన్న కొడుకు ఫోన్లో తన తల్లి ముఖం నవ్వులాటగా వచ్చి పడితే ఎలా ఉంటుందో, పంపేవాడు ఒక్క నిమిషం ఆలోచిస్తే పంపడు. మా చెల్లెలి కొడుకుకు ఇది చెప్పాను. అలాంటివి రెండు తీసేశాడు.

తెలుగు అక్షరం ప్రపంచం నోట నానిన సందర్భం ఒకటి నాకు బాగా గుర్తున్నది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. వాట్సాప్ వంటి యాప్ ఆ అక్షరాన్ని చూపించబోయి మూతపడేది, మళ్లీ తెరుచుకొనేది కాదు. పిల్లలు సరదాకు ఒకరికొకరు పంపుకున్నారు, జ్ఞానం భరించలేని ఫోన్ అని ఛలోక్తులు పుట్టాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అందరూ నవ్వి మరిచిపోయారు గానీ నేను ఆ రోజుల్లో దాని గురించే చదువుతూ కూర్చున్నాను. జ, పొల్లు, ఞ, కనబడని ఒక విడదీత గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరుస తగిలినప్పుడు అక్షరాన్ని గీసే సాఫ్ట్‌వేర్ దీర్ఘాన్ని ఎక్కడ అతికించాలో లెక్క తప్పింది. ఇంగ్లిషులో అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. మనకు వత్తు కిందికి జారుతుంది, గుణింతం పైకి ఎక్కుతుంది, తలకట్టు కొన్నిచోట్ల మాయమవుతుంది. కోట్ల మంది మాట్లాడే భాషలో, ఓనమాలు నేర్చిన ప్రతి పిల్లవాడూ పలికే అక్షరాన్ని, అంత ఖరీదైన ఫోన్‌లో సరిగా పరీక్షించి చూడలేదన్నది నన్ను నిజంగా బాధించింది.

ఫోన్‌లో తెలుగు కనబడడం అన్నది ఉత్తగ వచ్చిన సౌకర్యం కాదని మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. మేం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే పేరున్న పాత ఫాంట్లతో టైపు చేసిన మ్యాటర్‌ను వాట్సాప్‌లో అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలిసిన కుప్ప కనిపిస్తుంది. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టినవి. యూనికోడ్‌లో మాత్రం 'క'కు సొంత సంఖ్య, గుణింతానికి సొంత సంఖ్య ఉంటాయి, ఏ ఫోన్‌లోనైనా అది తెలుగుగానే తెరుచుకుంటుంది. యూనికోడ్ ఫాంట్ల వరుసలో 'సురవరం' అన్న పేరు మొదటిసారి చూసినప్పుడు నేను కాసేపు పని ఆపేశాను. నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాసినందుకు జవాబుగా, 1934లో 354 మంది కవుల రచనలు సేకరించి అచ్చు వేసి చూపించారు. ఆయన పేరున్న అక్షరాలతో, మా చెల్లెలి కొడుకు పాలమూరు మాటను ఒక బొమ్మ కింద పెట్టి పంపినప్పుడు, ఆ పిల్లవాడికి ఆ ఫాంటు పేరు వెనుక కథ తెలియదు. ఫోన్ చేసి చెప్పాను.

ఇక ఫోన్ మనతో మాట్లాడే తెలుగు. ఈమధ్య వచ్చిన పరికరాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది దుకాణాల్లో పైసలు అందగానే ఎంత వచ్చిందో తెలుగులో పలికే చిన్న డబ్బా. కూరగాయల మార్కెట్‌లో చదువురాని ముసలమ్మ కూడా దాన్ని నమ్ముకొని బేరం చేస్తున్నది, ఎందుకంటే అది రెండు మూడు మాటలే అంటుంది, ఆ మాటలు స్పష్టంగా అంటుంది. నోటితో చెబితే రాసే సదుపాయం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అమ్మ ఒకసారి "పొద్దుగూకె యాల్లకు రా" అని నాకు చెప్పబోతే, ఫోన్ అందులో యాలకులు కలిపి పంపింది. మేం వేళను యాల్ల అంటాం, యాలకులను ఇలాచీలు అంటాం. అంటే ఆమె అన్న మాటా దానికి తెలియదు, అది రాసిన మాటా ఆమె ఎప్పుడూ అనదు. ఇప్పుడు కంప్యూటర్ సాయంతో నటుల పెదవులను కూడా డబ్బింగ్ మాటకు సరిపోయేలా మారుస్తున్నారు. రేపు సబ్బు ప్రకటనలోని తల్లి నోరు, మాట ఒక్కటిగానే కదలవచ్చు. అమ్మ అడిగిన మొదటి తప్పు పోతుంది, రెండోది, అంటే ఆమె ఎవరితో మాట్లాడుతున్నదన్నది, అట్లాగే ఉంటుంది.

ఆ ఆదివారం రాత్రి అమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టి, అందులోని తెలుగును తీసేసి మళ్లీ ఇంగ్లిషు పెట్టమన్నది. రెండేండ్ల కిందట ఆమెకు తెలుగు చదవడం వచ్చు కదా అని నేనే ఎంతో సంబరంగా పెట్టాను. ఇంగ్లిషులో అయితే గుర్తులు చూసి నొక్కుతుందట, తెలుగు ఉంటే చదవబోయి ఆగిపోతున్నదట. ఏ మాట దగ్గర ఆగిందో అడిగాను. మనవరాలి ఫోటో చెల్లెలికి పంపబోతే 'భాగస్వామ్యం చేయండి' అని ఉన్నది. ఆమెకు తెలిసిన భాగం అన్నదమ్ములు పంచుకొనే పొలంలోది, పత్తి చేను పాలుకు పట్టినప్పటిది. ఫోటోలో భాగం ఎవరికి పోతుందోనని వెనక్కి వచ్చేసింది.

నేను ఫోన్‌ను ఇంగ్లిషులోకి మార్చలేదు. పాత పెండ్లి పత్రిక వెనుక వైపు తెల్లగా ఉంటే తీసుకొని, తెర మీది మాటలు ఒక్కొక్కటే చదివి వినిపిస్తూ, దానికి తానైతే ఏమంటుందో అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. భాగస్వామ్యం చేయండి అన్నదానికి 'పంపు' అన్నది. రద్దు చేయి అన్నదానికి 'వద్దు' అన్నది. తొలగించు అంటే 'తీసెయ్'. మునుపటి పేజీ అంటే 'ఎనకకు'. కొనసాగించు అన్నదానికి కాసేపు ఆలోచించి 'కానియ్' అన్నది. నలభై మాటల దాకా అయ్యాయి, కాగితం నిండింది. ఇంతలో ఆమె చూస్తున్న వంటల వీడియో మధ్యలో ప్రకటన వచ్చింది, మూలన ఒక చిన్న గడిలో 'దాటవేయి' అని కనబడింది.

"గిదేంది బిడ్డా?"

"ఆ ప్రకటన చూడబుద్ధి కాకపోతే దాని మీద ఒత్తాలమ్మా."

"మరి 'చాలు' అని రాయరాదా."